పేరుకే వైన్స్

ఫిషింగ్ హార్బరుకి తిరిగే మలుపులో
నా కొట్టు బోర్డు మీద ‘వైన్స్’ అని ఉంటుంది.
వైన్ అన్నది మాత్రం ఒకే ఒక్క సీసా,
పై అరలో, దుమ్ము కప్పుకుని.
మిగతావన్నీ క్వార్టర్లే.

పొద్దున్న తాళం తీయకముందే
షట్టరు అవతల చెప్పుల చప్పుళ్లు.
చూడక్కర్లేదు, చెప్పేస్తాను:
కాలీడ్చేవాడు ఐస్ ఫ్యాక్టరీ మరిడయ్య,
దగ్గుని లోపలే నొక్కుకునేవాడు పోర్టు కళాసీ అసిరయ్య,
అసలు చప్పుడే చెయ్యని ఆయన ఒక మాస్టారు.
ఆయన పేరు నాకు తెలుసు.
అది సరుకు కాదు, అమ్మను.

ఉప్పుగాలికి మూతలు తుప్పెక్కుతాయని
వారానికోసారి సీసా సీసా తుడుస్తాను.
ఇనుప ఖనిజం రైలు పోర్టులోకి పోతుంటే
అరల్లో సీసాలన్నీ సన్నగా వణుకుతాయి,
చలికి పళ్లు కొట్టుకున్నట్టు.
నా గల్లాపెట్టెలో నోట్లకి చేపపొలుసు అంటుకుని ఉంటుంది.
బ్యాంకులో కేషియరమ్మ నా కట్ట చూడగానే
లేచి ఫ్యాను స్పీడు పెంచి వస్తుంది.
వేట నిషేధం రెండు నెలలూ
బోట్లు జెట్టీకి, నా డబ్బులు ఖాతా పుస్తకానికి
కట్టేసి ఉంటాయి.
మధ్యలో కొన్నేళ్లు సర్కారే మందు అమ్మింది.
నేను ఇదే గదిలో కొబ్బరికాయలు అమ్మాను.
పాత అలవాటు కొద్దీ అసిరయ్య వచ్చి
ఓ కాయ చెవి దగ్గర ఊపి చూసి
‘ఇందల ఎంతుంటాదేటి?’ అనేవాడు.

డిసెంబరు రెండో వారంలో
సోల్జర్‌పేట నుంచి యులాలీ మిస్సమ్మ వస్తుంది,
ఎండ లేకపోయినా గొడుగుతో.
క్యూలో వాళ్లంతా ఎగ్గట్టిన లుంగీలు దించుకుని దారిస్తారు.
సగంమందికి ఎక్కాలు నేర్పింది ఆవిడే.
ఊళ్లో నన్ను వైన్ అడిగే మనిషి ఆవిడ ఒక్కతే,
కేకులోకి కిస్‌మిస్ నానబెట్టడానికి.
స్టూలెక్కి, దుమ్ము తుడిచి, రెండు చేతులతో అందిస్తాను.
ఆ ఒక్క నిమిషం
బోర్డు మీద రాసింది నిజమవుతుంది.

ఇక పోలమ్మ సంగతి.
శుక్రవారం శుక్రవారం చేపలగంప దించి
కౌంటరు మీద రెండు చందువాలు పెడుతుంది.
‘మా గుంటడికి సీసా ఇయ్యకు. ఇదిగో, దానికిదే రేటు.’
నేను ఇవ్వను.
వాడు రోడ్డు దాటి ఎదుటి షాపుకి వెళ్తాడు.
ఆ సంగతి నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు.
అయినా చందువాలు ఆగలేదు, నేనూ వద్దనలేదు.
ముప్పయ్యేళ్ల వ్యాపారంలో
అమ్మనందుకు వచ్చిన లాభం అదొక్కటే.
వేపుడు చేయించుకుని తింటుంటే
ఒక్కోసారి ముల్లు గొంతులో నిలబడుతుంది.

డ్రై డే వచ్చిందంటే నాకు పండగ.
కోట వీధిలో మా డాబా మీద చాప పరుస్తాను.
మరిడయ్య క్యారమ్ బోర్డు నెత్తిన పెట్టుకుని మెట్లెక్కుతాడు.
మాస్టారు ఆ రోజు మాత్రం
వీధి మొదట్నుంచే గొంతెత్తి పలకరిస్తూ వస్తారు.
అసిరయ్య పాత ఓడల పేర్లు తీస్తాడు,
ఒక్కో ఓడకి ఒక్కో అబద్ధం.
పందెం లేదు. ఓడినవాడు పకోడీలు తేవాలి.
టీ నేనే పోస్తాను.
చేతికి పట్టిన లెక్క ఎక్కడికి పోతుంది,
ఏ గ్లాసు చూసినా సరిగ్గా క్వార్టరే అని నవ్వుతారు.
కొండ మీది లైట్‌హౌస్ వెలుగు
మా మీదుగా ఓసారి తిరిగి వెళ్తుంది,
తాగలేదు కదా అని చూసుకున్నట్టు.

మొన్నటి డ్రై డేకి పోలమ్మ వచ్చింది.
గంప లేదు. అరిటాకులో ఓ పొట్లం.
‘ఇవాళ ఎదుటోడిదీ మూసే ఉంది కదమ్మా,
నాతో పనేముంది నీకు?’ అన్నాను.
‘ఇది రేటు కాదురా, కూర’ అంది.
పై మెట్టు మీద చతికిలబడి
టీ ఒక్క గుక్కలో తాగేసి
గ్లాసు నా ముందుకి తోసింది.
‘ఏటి, కొలిచి పోస్తావేటి?
నిండా పొయ్యి.’